వయసు తీసుకున్నాక పేరు అడగకుండానే దాటిపోతోంది: కీబోర్డు ఇన్‌పుట్ చదవడానికి నమ్మదగిన పద్ధతి ఏది?

సీ_అభ్యాసి

అందరికీ నమస్కారం. సీ భాషలో ఒక చిన్న నమోదు ప్రోగ్రామ్ రాస్తున్నాను. అది ముందు వయసు అడుగుతుంది, తర్వాత పూర్తి పేరు అడుగుతుంది, చివర "ఇంకొకరి వివరాలు ఉన్నాయా?" అని అడిగి ఒక్క అక్షరం తీసుకుంటుంది. వయసుకు స్కాన్‌ఎఫ్‌లో %డి వాడాను. పేరులో ఖాళీలు ఉంటాయి కాబట్టి అక్కడ ఎఫ్‌గెట్స్ పెట్టాను.

వయసు ఇచ్చి ఎంటర్ నొక్కగానే "మీ పేరు" అన్న ప్రశ్న తెర మీద కనబడుతుంది, కానీ సమాధానం కోసం ఆగదు. పేరు ఖాళీగా నమోదై తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతుంది. మధ్యలో ఎఫ్‌ఫ్లష్‌కు ఎస్‌టీడీఇన్ (కీబోర్డు నుంచి వచ్చే ఇన్‌పుట్ ప్రవాహం) ఇమ్మని ఎవరో చెబితే అలా చేశాను. విండోస్ ఉన్న పాత యంత్రంలో పని చేసింది, లినక్స్‌లో ఏ మార్పూ లేదు. వయసు దగ్గర అంకెలకు బదులు అక్షరాలు కొడితే ఇంకా ఘోరం: "మళ్లీ ఇవ్వండి" అన్న మాట ఆగకుండా తెర నిండా పరుగెడుతుంది.

ఒక్కొక్క లక్షణానికి ఒక్కొక్క అతుకు వేయడం నాకు ఇష్టం లేదు. అసలు లోపల ఏం జరుగుతోందో, సరైన పద్ధతి ఏమిటో చెప్పగలరా?

లైనుకో_లైను

మీరు చెప్పిన రెండు సమస్యలకూ మూలం ఒకటే. నెమ్మదిగా చూద్దాం.

మీరు 25 కొట్టి ఎంటర్ నొక్కితే ప్రోగ్రామ్‌కు చేరేవి మూడు అక్షరాలు: 2, 5, న్యూలైన్. %డి మొదట వచ్చే ఖాళీలను దాటవేసి, అంకెలు ఉన్నంతవరకు తీసుకుంటుంది. 2, 5 తీసుకున్నాక న్యూలైన్ ఎదురవుతుంది. అది అంకె కాదు కాబట్టి దాన్ని ముట్టుకోకుండా బఫర్‌లోనే (చదవాల్సిన అక్షరాలు ఆగి ఉండే జాగాలోనే) వదిలేస్తుంది. తర్వాత వచ్చిన ఎఫ్‌గెట్స్ పని "న్యూలైన్ వచ్చేవరకు చదవడం". మొదటి అక్షరమే న్యూలైన్ కాబట్టి దాని పని అక్కడితో పూర్తయింది. పేరు ఖాళీగా రావడం దాని తప్పు కాదు, అడిగినట్టే చేసింది.

ఇక ఆగని లూప్ సంగతి. వయసు దగ్గర "అఆ" అని కొడితే %డికి పనికొచ్చేది ఏమీ దొరకదు. అది సున్నా ఫలితం తిరిగి ఇచ్చి, ఆ అక్షరాలను అలాగే ఉంచుతుంది. మీ లూప్ మళ్లీ స్కాన్‌ఎఫ్‌ను పిలుస్తుంది, మళ్లీ అవే అక్షరాలు, మళ్లీ సున్నా. మనిషి కొత్తగా ఏదైనా కొట్టే అవకాశమే రాదు.

ఎఫ్‌ఫ్లష్ విషయం: సీ ప్రమాణం దానికి అర్థం చెప్పింది బయటికి రాసే ప్రవాహాలకే. కీబోర్డు ఇన్‌పుట్ మీద వాడితే ఏం జరగాలో ప్రమాణంలో లేదు. పాత మైక్రోసాఫ్ట్ లైబ్రరీ మిగిలిన ఇన్‌పుట్‌ను పారేసేది, 2015 విజువల్ స్టూడియోతో వచ్చిన లైబ్రరీ నుంచి అదీ మానేసింది. కాబట్టి దాన్ని మరచిపోండి.

నేను ఎప్పుడూ గట్టిగా చెప్పేది ఒక్కటే: మనుషులు జవాబులిచ్చేది లైన్ల లెక్కన, కాబట్టి ప్రోగ్రామ్ కూడా లైన్ల లెక్కనే చదవాలి. వయసైనా, పేరైనా, అవునో కాదో చెప్పే ఒక్క అక్షరమైనా, ముందు మొత్తం లైనును ఎఫ్‌గెట్స్‌తో తెచ్చుకోండి. అందులో ఏముందో తర్వాత విడిగా చూడండి. చదవడం, అర్థం చేసుకోవడం వేర్వేరు పనులు. స్కాన్‌ఎఫ్ ఆ రెండింటినీ కలిపేస్తుంది, అందుకే అర్థం కానప్పుడు చదవడం కూడా సగంలో ఆగిపోతుంది.

సీ_అభ్యాసి

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. అయితే చాలా చోట్ల "న్యూలైన్ వచ్చేవరకు, ఒక్కో అక్షరం చదివే గెట్‌చార్‌ను తిప్పండి, మిగిలింది పోతుంది" అని చెబుతున్నారు. %డి ముందో వెనకో ఖాళీ పెట్టమని ఇంకొందరు. అవి కూడా సరైనవేనా?

లైనుకో_లైను

ఒక్క అక్షరం చదివే %సి ముందు ఖాళీ పెడితే ముందున్న న్యూలైన్‌ను దాటవేస్తుంది, అది నిజమే. %డి అయితే ముందున్న ఖాళీలను తనంతట తానే దాటవేస్తుంది, దానికి అవసరం లేదు. కానీ చివర ఖాళీనో న్యూలైన్‌నో మాత్రం ఎన్నడూ పెట్టవద్దు. చివర ఖాళీ ఉంటే "ఖాళీ కాని అక్షరం వచ్చేవరకు చదువుతూ ఉండు" అని అర్థం. వయసు ఇచ్చి ఎంటర్ ఎన్నిసార్లు నొక్కినా ప్రోగ్రామ్ కదలదు. తర్వాతి ప్రశ్నకు జవాబు ముందే ఇచ్చేదాకా ఈ ప్రశ్న పూర్తికాదు. కొత్తవారు గంటల కొద్దీ తల పట్టుకునేది ఇక్కడే.

గెట్‌చార్ లూప్‌లో రెండు జాగ్రత్తలు కావాలి. ఇన్‌పుట్ అయిపోతే న్యూలైన్ ఎప్పటికీ రాదు, కాబట్టి ఈఓఎఫ్ (ఇన్‌పుట్ ముగిసిందనే సూచన) వచ్చిందేమో కూడా చూడాలి. లేకపోతే అదీ ఆగని లూపే. రెండోది, గెట్‌చార్ ఫలితాన్ని చార్‌లో కాకుండా ఇంట్‌లో పెట్టుకోవాలి. చార్‌లో పెడితే కొన్ని యంత్రాల్లో 255 విలువ ఉన్న బైటును ఈఓఎఫ్ అనుకుంటుంది, మరికొన్నింట్లో ఈఓఎఫ్‌ను ఎప్పటికీ గుర్తించదు.

పాఠాల_బల్ల

లైనుకో_లైను గారి విశ్లేషణతో నాకు పేచీ లేదు, సలహాతో ఉంది. నేను మొదటి సంవత్సరం పిల్లలకు సీ చెబుతాను. రెండు సంఖ్యలు తీసుకుని కూడే ప్రోగ్రామ్ రాయించాలంటే ఎఫ్‌గెట్స్‌కు అరే కావాలి, దాని పరిమాణం కావాలి, ఆపైన అక్షరాలను సంఖ్యగా మార్చే స్ట్ర్‌టోల్ కావాలి, దానికి పాయింటర్‌కు పాయింటర్ కావాలి. మొదటి తరగతిలో ఇవన్నీ పెడితే కూడిక సంగతే మరుగున పడిపోతుంది. స్కాన్‌ఎఫ్ ఒక్క లైనులో పని ముగిస్తుంది. పైగా ఫైల్ నుంచి ఖచ్చితమైన రూపంలో వచ్చే సంఖ్యలకు అది చక్కగా సరిపోతుంది. అటువంటి చోట దాన్ని తప్పు పట్టడం న్యాయం కాదు.

నేను పట్టుబట్టేది ఒక్క దానికే: దాని ఫలితాన్ని తప్పనిసరిగా చూడాలి. రెండు సంఖ్యలు అడిగితే ఫలితం 2 రావాలి. 1 వచ్చినా, 0 వచ్చినా, ఈఓఎఫ్ వచ్చినా ఆ చరరాశుల్లో ఉన్నదాన్ని నమ్మకూడదు.

లైనుకో_లైను

ఫైల్ నుంచి వచ్చే సంఖ్యల గురించి మీరన్నది ఒప్పుకుంటాను. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం ఒప్పుకోలేను. పిల్లలకు మొదటి రోజే "సంఖ్య_అడుగు" అనే ఫంక్షన్ తయారుచేసి ఇవ్వవచ్చు. లోపల ఏముందో వారు తర్వాత తెలుసుకుంటారు. ప్రింట్ఎఫ్ లోపల ఏముందో తెలుసుకునే వాడుతున్నారా?

అలవాటు సంగతి నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గెట్స్ అనే ఫంక్షన్‌నూ "సులువు కదా" అనే ఏళ్ల తరబడి నేర్పారు. బఫర్ ఎంత పెద్దదో దానికి చెప్పే దారే లేదు, లైను ఎంత పొడవుంటే అంతా రాసేస్తుంది. 1988 నవంబరు 2న వ్యాపించిన మోరిస్ వార్మ్ (నెట్‌వర్క్‌లో తనంతట తాను పాకే హానికర ప్రోగ్రామ్) వాడుకున్న దారుల్లో ఇదొకటి. వాడుకరుల వివరాలు చెప్పే ఫింగర్ సేవ 512 బైట్ల బఫర్‌లోకి గెట్స్‌తో చదివేది, అంతకన్నా పొడవైన లైను పంపి ఆ వార్మ్ లోపలికి దూరింది. అయినా ఆ ఫంక్షన్‌ను సీ ప్రమాణం నుంచి తీసేసింది 2011లోనే. స్కాన్‌ఎఫ్‌లో వెడల్పు చెప్పకుండా, మాటను చదివే %ఎస్ వాడితే అదీ సరిగ్గా అదే ప్రమాదం.

పాఠాల_బల్ల

ముందే తయారుచేసిన ఫంక్షన్ ఇవ్వడం మంచి ఆలోచన. వెడల్పు లేని %ఎస్‌ను నేనూ తరగతిలో రానివ్వను. అయితే ఆ ఫంక్షన్ లోపల ఏముండాలో ఇక్కడే వివరంగా రాస్తే మీ మాటకు బలం చేకూరుతుంది. అక్షరాలను సంఖ్యగా మార్చడానికి ఏటుఐ వాడితే ఒప్పుకోను సుమా.

లైనుకో_లైను

ఏటుఐ వాడను. "సున్నా" అని అర్థమా, "అర్థం కాలేదు" అని అర్థమా అన్నది దాని ఫలితంలో తేలదు. రెండింటికీ 0 ఇస్తుంది.

స్ట్ర్‌టోల్ వాడే తీరు ఇది. పిలిచే ముందు ఎర్‌నోను (లోపం సంకేతం నిలిచే చరరాశిని) సున్నా చేయాలి. పదో ఆధారం అని స్పష్టంగా చెప్పాలి, ఆధారం సున్నా ఇస్తే 010 అన్నది 8 అవుతుంది. అది తిరిగిచ్చే ముగింపు పాయింటర్ మొదటి చోటే ఉంటే అంకెలే లేవని అర్థం. ముందుకు జరిగితే అక్కడి నుంచి లైను చివరివరకు ఖాళీలు తప్ప ఇంకేమీ లేవని చూడాలి. లేకపోతే "25అబ్బ" కూడా 25గా చెల్లిపోతుంది. ఎర్‌నోలో ఈరేంజ్ ఉంటే సంఖ్య మరీ పెద్దది. ఇవన్నీ దాటాక మీ సొంత హద్దు: వయసు 0 కన్నా తక్కువ ఉండకూడదు, 150 దాటకూడదు, అటువంటిది. %డికి ఈ అతి పెద్ద సంఖ్య ఇస్తే ఏం జరుగుతుందో ప్రమాణం చెప్పదు. స్ట్ర్‌టోల్ అయితే చెబుతుంది. నాకు ఈ ఒక్క తేడా చాలు.

జావా_తోట

ఇది సీకి మాత్రమే ఉన్న వ్యాధి కాదు. జావాలో స్కానర్‌తో నెక్స్ట్‌ఇంట్ పిలిచి, వెంటనే నెక్స్ట్‌లైన్ పిలవండి, అచ్చంగా అదే జరుగుతుంది: మిగిలిన న్యూలైన్ వల్ల ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. తప్పు టోకెన్ ఇస్తే ఇన్‌పుట్‌మిస్‌మ్యాచ్ ఎక్సెప్షన్ వస్తుంది, టోకెన్ మాత్రం అక్కడే ఉంటుంది. దాన్ని పట్టుకుని మళ్లీ నెక్స్ట్‌ఇంట్ పిలిస్తే పైన చెప్పిన ఆగని లూపే. మందు కూడా అదే. నెక్స్ట్‌లైన్‌తో లైను తీసుకుని ఇంటిజర్ పార్స్‌ఇంట్‌కు ఇవ్వండి.

ఇంకో మాట. ఒక ఫంక్షన్‌లో స్కానర్ తెరిచి, పని కాగానే మూసేస్తే దానితోపాటు సిస్టమ్ ఇన్ కూడా మూసుకుపోతుంది. తర్వాతి ఫంక్షన్ కొత్త స్కానర్ పెట్టినా చదవడానికి ఏమీ ఉండదు. ప్రోగ్రామ్ మొత్తానికి ఒకే ఒక్క స్కానర్ పెట్టుకోవడం మేలు.

పైథాన్_పథం

పైథాన్ వాళ్లం ఈ విషయంలో సుఖంగా ఉన్నాం, ఎందుకంటే ఇన్‌పుట్ ఫంక్షన్ మొదటి నుంచీ లైనునే ఇస్తుంది, చివరి న్యూలైన్ తీసేసి మరీ ఇస్తుంది. పైథాన్ 2లో మాత్రం అదే పేరుతో పెద్ద గొయ్యి ఉండేది. అక్కడి ఇన్‌పుట్, మనిషి కొట్టినదాన్ని పైథాన్ కోడ్‌గా నడిపేది. ఎవరైనా సంఖ్యకు బదులు ఫైళ్లు తుడిచే ఆదేశం రాస్తే అదీ నడిచేది. 2008లో వచ్చిన పైథాన్ 3లో ఆ ప్రవర్తన పోయింది, పాత రా_ఇన్‌పుట్‌కే ఇన్‌పుట్ అనే పేరు దక్కింది. పాత స్క్రిప్టులు ఇంకా నడుపుతున్నవారు ఒకసారి చూసుకోండి.

సంఖ్యను సరిచూసే విషయంలో ఒక హెచ్చరిక. ముందు ఈజ్‌డిజిట్‌తో పరీక్షించి, తర్వాత ఇంట్‌కు ఇవ్వడం చాలా కోడ్‌లో కనిపిస్తుంది. ఘాతాంకంగా రాసే చిన్న ² ఉంది కదా, దానికి ఈజ్‌డిజిట్ అవునంటుంది, ఇంట్ మాత్రం వాల్యూఎర్రర్ ఇస్తుంది. మైనస్ 5కు ఈజ్‌డిజిట్ కాదంటుంది, ఇంట్ హాయిగా తీసుకుంటుంది. కాబట్టి ముందు పరీక్ష ఎందుకు? నేరుగా ఇంట్‌కు ఇచ్చి, వాల్యూఎర్రర్ వస్తే మళ్లీ అడగండి.

అన్నట్టు, ఇంట్‌కు ౨౫ అని మన తెలుగు అంకెలు ఇచ్చి చూడండి. 25 వస్తుంది. యూనికోడ్‌లో దశాంశ అంకెలుగా నమోదైన ఏ లిపి అంకెలనైనా అది తీసుకుంటుంది.

జావా_తోట

పార్స్‌ఇంట్ కూడా తీసుకుంటుంది. లోపల అది క్యారెక్టర్ డిజిట్‌ను అడుగుతుంది, దానికి తెలుగు అంకెలు తెలుసు.

అక్షర_యాత్ర

సంతోషకరమైన విషయమే, కానీ రస్ట్‌లో పార్స్‌కు ఆ అంకెలు ఇస్తే ఎర్రర్ వస్తుంది, సీలో స్ట్ర్‌టోల్ కూడా అంకెలు లేవనే చెబుతుంది. రెండు ప్రోగ్రాములు ఒకే ఇన్‌పుట్ ఫైల్‌ను పంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రశ్న అడిగినవారు పేర్లు తీసుకుంటున్నారు కాబట్టి తెలుగులో పేరు కొడితే ఏమవుతుందో చూపిస్తాను. "తెలుగు" అన్న మాటనే తీసుకుందాం. కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, అంటే ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, మొత్తం 18. పైథాన్‌లో లెన్ అడిగితే 6, రస్ట్‌లో 18, సీలో స్ట్ర్‌లెన్ కూడా 18.

ఇప్పుడు సీలో 12 బైట్ల బఫర్ ఇచ్చి ఎఫ్‌గెట్స్ పిలిచారనుకోండి. చివరి సున్నాకు ఒకటి పోను 11 బైట్లు చదువుతుంది. త, ఎత్వం, ల పూర్తిగా వచ్చాయి, 9 బైట్లు. మిగతా రెండూ లకు తగిలే కొమ్ములోని మొదటి రెండు బైట్లు. మూడో బైటు ఇంకా చదవని ఇన్‌పుట్‌లోనే ఉండిపోయింది. ఈ ముక్కను తెర మీద చూపిస్తే "తెల" తర్వాత ఒక ప్రశ్నార్థకపు డబ్బానో, చెత్త గుర్తో కనబడుతుంది. తర్వాతి చదువు ఒక తెగిన బైటుతో మొదలవుతుంది. పేర్లకు 20, 30 బైట్ల బఫర్లు పెట్టే అలవాటు తెలుగుకు అస్సలు సరిపోదు. పాజిక్స్ (లినక్స్ వంటి యూనిక్స్ తరహా) వ్యవస్థల్లో గెట్‌లైన్ ఉంది, అది కావలసినంత జాగాను తానే పెంచుకుంటుంది. చివర ఫ్రీ చేయడం మీ బాధ్యత.

తెలుగు పేర్లను పోల్చేవారికి ఇంకో సంగతి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం తర్వాత ఐత్వపు గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే, బైట్లు వేరు. "శైలం" అని వెతికితే ఉన్న నమోదు దొరకకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. చదివిన వెంటనే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (యూనికోడ్ నిర్ణయించిన ఒకే తరహా రాతలోకి) మార్చి దాచుకుంటే ఈ చిక్కు ఉండదు.

సీ_అభ్యాసి

బ్యాక్‌స్పేస్ గురించి కూడా అడగాలనుకున్నాను. తెలుగులో కొట్టి చెరిపితే కొన్నిసార్లు తెర మీద ఒకటి కనబడుతుంది, ప్రోగ్రామ్‌కు ఇంకొకటి చేరుతుంది. అది నా కోడ్ వల్లనా?

అక్షర_యాత్ర

మీ కోడ్ వల్ల కాదు. మీరు ఎంటర్ నొక్కేదాకా ఆ అక్షరాలు మీ ప్రోగ్రామ్‌ను చేరనే లేదు. టెర్మినల్ మామూలు స్థితిలో లైనును పోగుచేసేదీ, బ్యాక్‌స్పేస్‌ను అమలు చేసేదీ కెర్నల్‌లోని టెర్మినల్ భాగం. లినక్స్‌లో ఐయూటీఎఫ్8 అనే అమరిక ఉంది. అది ఆఫ్‌లో ఉంటే బ్యాక్‌స్పేస్ ఒక్క బైటునే చెరుపుతుంది, అప్పుడు మూడు బైట్ల అక్షరం ముక్కలవుతుంది. ఆన్‌లో ఉంటే ఒక యూనికోడ్ సంకేతం మొత్తం పోతుంది. కానీ "క్షి" అన్నది క, పొల్లు, ష, గుడి అని నాలుగు సంకేతాలు. నాలుగుసార్లు నొక్కితే గాని పూర్తిగా పోదు. పైగా తెర మీద ఎన్ని గడులు వెనక్కి జరగాలో కెర్నల్‌కు తెలియదు, అందుకే చూపుకూ నిజానికీ పొంతన కుదరదు. ఎస్‌టీటీవై ఆదేశంతో ఆ అమరిక ఆన్‌లో ఉందో లేదో చూడండి.

షెల్_గవ్వ

ఇదే కెర్నల్ భాగానికి ఇంకో హద్దు కూడా ఉంది. లినక్స్‌లో మామూలు స్థితిలో ఒక లైను న్యూలైన్‌తో కలిపి 4096 బైట్లు మించదు. అంతకన్నా పొడవైన లైనును టెర్మినల్‌లో అతికిస్తే 4095 తర్వాతివన్నీ చడీచప్పుడు లేకుండా పోతాయి. పోటీ పరీక్షల పెద్ద ఇన్‌పుట్‌ను అతికించి "నా ప్రోగ్రామ్ తప్పు జవాబు ఇస్తోంది" అనేవారిని చూస్తుంటాను. ప్రోగ్రామ్ సరిగ్గానే ఉంటుంది, చేరిన ఇన్‌పుటే సగం. ఫైల్‌లో పెట్టి మళ్లించండి.

బాణం మీటలు నొక్కితే ^[[A వంటి గుర్తులు రావడానికీ కారణం అక్కడిదే. పైబాణం ఎస్కేప్‌తో మొదలయ్యే మూడు అక్షరాలు పంపుతుంది, కెర్నల్‌కు అవి మామూలు అక్షరాలే. పాత లైన్లు తిరిగి తెచ్చుకోవడం, మధ్యలో దిద్దడం కావాలంటే గ్నూ రీడ్‌లైన్ వంటి లైబ్రరీ కావాలి. పైథాన్‌లో రీడ్‌లైన్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేస్తే చాలు, ఇన్‌పుట్‌కు ఆ సౌకర్యాలన్నీ వస్తాయి. తయారైన ప్రోగ్రామ్‌ను మార్చలేనప్పుడు ఆర్‌ఎల్‌ర్యాప్‌తో నడపవచ్చు.

సర్వర్_కాపరి

ఇప్పటిదాకా అందరూ కీబోర్డు ముందు మనిషి ఉన్నాడనే మాట్లాడుతున్నారు. రాత్రిపూట తమంతట తాము నడిచే పనులను చూసుకునేవాడిగా నా బాధ వేరు. అక్కడ మనిషి ఉండడు. "కొనసాగించాలా?" అని అడిగి జవాబు కోసం తెల్లవారేదాకా కూర్చున్న ప్రోగ్రాములు నాకు బాగా తెలుసు. ఇంకా పాడు రకం ఉంది: ఇన్‌పుట్ అయిపోయిందని గుర్తించకుండా "తప్పు జవాబు, మళ్లీ ఇవ్వండి" అని డిస్క్ నిండేదాకా లాగ్‌లో రాసేవి.

దయచేసి ఈఓఎఫ్‌ను తప్పు జవాబుగా చూడకండి. "ఇక జవాబులు రావు" అని దాని అర్థం. మళ్లీ అడగడంలో ప్రయోజనం లేదు. ఎర్రర్ మాట రాసి, సున్నా కాని సంకేతంతో బయటికి రండి. కీబోర్డు మీద దీన్ని పరీక్షించడానికి లైను మొదట్లో కంట్రోల్-డి నొక్కండి. లైను మధ్యలో నొక్కితే అప్పటిదాకా కొట్టింది ప్రోగ్రామ్‌కు చేరుతుందే తప్ప ఈఓఎఫ్ రాదు, రెండోసారి నొక్కాలి. విండోస్‌లో కంట్రోల్-జెడ్ కొట్టి ఎంటర్ నొక్కాలి.

అడిగే ముందు ఇన్‌పుట్ టెర్మినల్ నుంచేనా అని ఈజ్‌ఏటీటీవైతో చూడండి. కాకపోతే ప్రశ్నలు వేయకండి. ప్రతి ప్రశ్నకూ ఆదేశంలోనే జవాబు ఇచ్చే దారి ఒకటి ఉంచండి. లినక్స్‌లో ప్యాకేజీలు పెట్టే ఆప్ట్‌లో -వై ఉంది చూడండి, అలాగన్నమాట. అవును-కాదు ప్రశ్నలో ఉత్త ఎంటర్ నొక్కితే ఏమవుతుందో పెద్ద అక్షరంతో చూపడం వాడుక. తుడిచేసే పనులకు ఆ పెద్ద అక్షరం "కాదు" వైపే ఉండాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

షెల్_గవ్వ

షెల్ స్క్రిప్టుల్లో దీనికి చెల్లెలు వంటి సమస్య ఒకటుంది. ఫైల్‌లోని యంత్రాల పేర్లను వైల్ రీడ్ లూప్‌తో ఒక్కొక్కటి చదువుతూ లోపల ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి వెళ్లే ఆదేశం) నడిపితే, మొదటి యంత్రంతోనే లూప్ ఆగిపోతుంది. మిగిలిన పేర్లన్నింటినీ ఎస్‌ఎస్‌హెచ్ తన ఇన్‌పుట్ అనుకుని చదివేస్తుంది. దానికి -ఎన్ ఇవ్వాలి. లూప్ లోపల ఆర్‌ఎం -ఐ (అడిగి ఫైల్ తుడిచే ఆదేశం) పెట్టారంటే ఇంకా ప్రమాదం: "తుడవాలా?" అన్న ప్రశ్నకు మీ జాబితాలోని తర్వాతి ఫైల్ పేరే జవాబుగా వెళుతుంది. ఆ పేరు వై అక్షరంతో మొదలైతే ఫైల్ పోయినట్టే. జాబితాను మూడో నంబరు డిస్క్రిప్టర్ మీద తెరిచి రీడ్‌ను అక్కడి నుంచి చదివిస్తే కీబోర్డు కీబోర్డుగానే ఉంటుంది.

రీడ్‌కు -ఆర్ తప్పనిసరి, లేకపోతే వెనక్కి వాలిన గీతలను మింగేస్తుంది. ముందు వెనక ఖాళీలు కూడా కావాలంటే ఐఎఫ్‌ఎస్‌ను (మాటలను విడదీసే గుర్తులుండే చరరాశిని) ఆ ఒక్క ఆదేశానికి ఖాళీ చేయండి.

సీ_అభ్యాసి

ఈజ్‌ఏటీటీవై పరీక్ష పెట్టాను. అవుట్‌పుట్‌ను ఫైల్‌కు మళ్లిస్తే ప్రశ్నలు తెర మీద కాకుండా ఫైల్‌లోకి వెళ్తున్నాయి, నేను గుడ్డిగా జవాబులు కొట్టాల్సి వస్తోంది. మరి ప్రశ్నను ఎక్కడ రాయాలి?

సర్వర్_కాపరి

ఎస్‌టీడీఎర్‌లో (ఎర్రర్ మాటలు వెళ్లే ప్రవాహంలో) రాయండి. అసలు ఫలితం ఎస్‌టీడీఅవుట్‌లో (మామూలు అవుట్‌పుట్‌లో) ఉండాలి, మనిషితో సంభాషణ దానిలో కలవకూడదు. బ్యాష్‌లోని రీడ్ -పి సరిగ్గా ఇలాగే చేస్తుంది: ప్రశ్నను ఎస్‌టీడీఎర్‌లో రాస్తుంది, అదీ ఇన్‌పుట్ టెర్మినల్ నుంచి వస్తేనే.

రస్ట్_బాట

రస్ట్ వాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు. ప్రింట్ మాక్రోతో న్యూలైన్ లేకుండా ప్రశ్న రాస్తే అది బఫర్‌లోనే ఉండిపోతుంది. ప్రోగ్రామ్ జవాబు కోసం ఆగుతుంది, తెర మీద ప్రశ్న ఉండదు. ఎస్‌టీడీఅవుట్‌ను మీరే ఫ్లష్ చేయాలి. సీ ప్లస్ ప్లస్‌లో సీఇన్, సీఅవుట్ జతపడి ఉంటాయి కాబట్టి చదివే ముందు అదే ఫ్లష్ అవుతుంది. వేగం కోసం ఆ జతను విడగొట్టినవారికి మాత్రం మన గతే. ఎస్‌టీడీఎర్‌కు బఫర్ ఉండదు, అందుకని పై సలహా ఇక్కడా పనికొస్తుంది.

రీడ్_లైన్ విషయంలో గుర్తుంచుకోవాల్సింది: అది మీరిచ్చిన స్ట్రింగ్‌ను ఖాళీ చేయదు, చివర చేరుస్తుంది. లూప్‌లో ప్రతిసారీ క్లియర్ పిలవాలి. లేకపోతే మొదటి తప్పు జవాబు వెనకే రెండో సరైన జవాబు చేరి, రెండూ కలిసి మళ్లీ తప్పే అవుతాయి. ఫలితం సున్నా బైట్లు అంటే ఈఓఎఫ్. ఉత్త ఎంటర్‌కు కనీసం ఒక బైటు వస్తుంది, ఈ తేడా చాలా చక్కగా ఉంటుంది.

సర్వర్_కాపరి

సంకేతపదాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్పి ముగిస్తాను. సంకేతపదాన్ని ఆదేశంలో ఆర్గ్యుమెంట్‌గా తీసుకోకండి, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే పీఎస్ కొట్టినవారికి కనబడుతుంది, షెల్ చరిత్రలోనూ మిగులుతుంది. ప్రశ్న వేసి, తెర మీద అక్షరాలు కనబడకుండా ఎకో ఆపి చదవండి. పైథాన్‌లో గెట్‌పాస్, జావాలో కన్సోల్ రీడ్‌పాస్‌వర్డ్ ఉన్నాయి. సీలో టెర్మియోస్ అమరికలతో ఎకో ఆపాలి. మధ్యలో కంట్రోల్-సి నొక్కినా దాన్ని తిరిగి ఆన్ చేసే ఏర్పాటు ఉండాలి, లేకపోతే ప్రోగ్రామ్ పోయాక కూడా టెర్మినల్ మూగదైపోతుంది. అప్పుడు కనబడకపోయినా ఎస్‌టీటీవై సేన్ అని కొట్టి ఎంటర్ నొక్కితే తిరిగి వస్తుంది.

నక్షత్రాలు చూపించే కోరిక ఉంటే తయారైన లైబ్రరీ వాడండి, సొంతంగా రాయకండి. మరో వాడుకరి అధికారంతో ఆదేశాలు నడిపే సూడోలో నక్షత్రాలు చూపే అమరిక వల్ల 2020 జనవరిలో ఒక పెద్ద లోపం బయటపడింది. లైను మొత్తం చెరిపే అక్షరం వచ్చినప్పుడు, నక్షత్రాలను చెరపడం విఫలమైతే బఫర్‌లో మిగిలిన జాగా లెక్క మొదటికి వచ్చేది, రాసే చోటు మాత్రం మొదటికి వచ్చేది కాదు. దాంతో బఫర్ దాటి రాయగలిగేవారు. 1.8.31లో సరిచేశారు. అంత అనుభవం ఉన్న కోడ్‌లోనే ఇలా జరిగింది.

సీ_అభ్యాసి

అందరి సలహాలతో ఫంక్షన్ తిరిగి రాశాను. ఎఫ్‌గెట్స్‌తో లైను, స్ట్ర్‌సీస్పాన్‌తో న్యూలైన్ తీసివేత, స్ట్ర్‌టోల్‌తో పరీక్ష. విండోస్‌లో తయారైన ఫైల్ ఇస్తే పేరు చివర క్యారేజ్ రిటర్న్ మిగులుతోంది కాబట్టి దాన్నీ తీసేస్తున్నాను. మూడు రకాల ఫలితాలు ఇస్తుంది: విలువ దొరికింది, జవాబు తప్పు, ఇన్‌పుట్ అయిపోయింది. లైనులో న్యూలైన్ లేకపోతే "మరీ పొడవుగా ఉంది" అని చెప్పి మిగతాదాన్ని పారేస్తున్నాను.

ఒక్క చోట తేడా వస్తోంది. చివరి లైను తర్వాత న్యూలైన్ లేని ఫైల్ ఇస్తే, ఆ చివరి పేరు చిన్నదే అయినా "పొడవుగా ఉంది" అంటోంది.

లైనుకో_లైను

చాలా మంచి పరీక్ష చేశారు. న్యూలైన్ లేకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు: బఫర్ నిండింది, లేదా ఫైల్ అయిపోయింది. ముందు ఎఫ్ఈఓఎఫ్ అడగండి. అవునంటే అది సరైన చివరి లైనే, తీసుకోండి. కాదంటే ఒక్క గెట్‌చార్ చేయండి. న్యూలైనో ఈఓఎఫో వస్తే, పేరు బఫర్‌లో సరిగ్గా పట్టింది, అదీ సరైనదే. వేరే అక్షరం వస్తేనే లైను పొడవెక్కువ, అప్పుడు మిగతాది పారేయండి. బఫర్ అంచు వరకు నిండే పేరుతో ఒకసారి, దానికి ఒక బైటు ఎక్కువతో ఒకసారి, ఖాళీ ఫైల్‌తో ఒకసారి నడిపి చూడండి.

సీ_అభ్యాసి

మూడూ నడిపాను, మూడూ సరిగ్గా వచ్చాయి. ఖాళీ ఫైల్‌కు ఎర్రర్ మాట ఎస్‌టీడీఎర్‌లో రాసి, 1తో బయటికి వస్తోంది. పేరుకు గెట్‌లైన్ పెట్టాలనుకుంటున్నాను, తెలుగు పేర్లు తెగకుండా ఉండాలి కదా. వయసుకు మాత్రం చిన్న బఫర్ ఉంచుతాను.

అక్షర_యాత్ర

అలాగే చేయండి. గెట్‌లైన్‌కు మొదటిసారి పాయింటర్‌ను నల్‌గా, పరిమాణాన్ని సున్నాగా ఇవ్వడం మరచిపోకండి. తర్వాతి పిలుపులకు అదే పాయింటర్‌ను తిరిగి ఇస్తే పాత జాగానే వాడుకుంటుంది. చదవడం విఫలమై -1 వచ్చినా ఆ జాగాను మీరే ఫ్రీ చేయాలి.